నెమ్మదిగా కట్టుకునేవారి తరఫున: సివిలైజేషన్ రూపకర్తలకు ఒక బహిరంగ లేఖ

ఫిరాక్సిస్ గేమ్స్‌లో సివిలైజేషన్ ఆటలను రూపొందిస్తున్న వారందరికీ,

నమస్కారం.

ఈ లేఖ మీకు రాసినదే అయినా తెలుగులో రాస్తున్నాను. హైదరాబాదులోనో, విశాఖలోనో, డల్లాస్‌లోనో రాత్రి భోజనాలయ్యాక ఇదే ఆట తెరిచి కూర్చునే తెలుగువాళ్లు ముందుగా దీన్ని చదివి, ఔననడమో కాదనడమో చేయాలని నా కోరిక. ఈ ఆట తెలియనివారికి ఒక మాట: ఇది టర్ను అనే ఒక్కో వంతు చొప్పున సాగే కంప్యూటర్ ఆట, పటం మీద నగరాలు కట్టుకుంటూ ఒక సామ్రాజ్యాన్ని నడపాలి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒకే నియమాల కింద ఒక్కొక్కరు ఒక్కో రీతిలో ఆడతారు, ఎందుకంటే ఆటలో ఒక్కొక్కరు వెతుక్కునేది వేరు. అయితే మీరు కష్టాన్ని కొలిచే పద్ధతీ గెలుపును లెక్కగట్టే పద్ధతీ ఈ తేడాను పట్టించుకోకుండా, త్వరగా విస్తరించి త్వరగా దాడి చేసేవాడి వైపే మొగ్గుతున్నాయి.

రీతులంటే ఏమిటో నాకు తెలిసినవారి ఆటతోనే చెబుతాను. మా బావమరిదికి పటంలో పొరుగువాడు కనిపించడమే ఆలస్యం, విలుకాళ్లను పోగేయడం మొదలుపెడతాడు. అతని దృష్టిలో రెండో రాజధాని తాను కట్టేది కాదు, పక్కవాడు కట్టి ఉంచేది. నా సహోద్యోగిని ఒకామె ఏ జిల్లాను (నగరానికి చేర్చే విద్య, వాణిజ్యం లాంటి ప్రత్యేక ప్రాంతాన్ని) ఏ టైల్ (పటంలోని గడి) మీద పెడితే పక్క టైళ్ల నుంచి ఎంత లాభమో లెక్కగట్టకుండా అడుగు వేయదు. ఆమె ఆడుతుంటే చూడటం ఆడిట్ చూసినట్టే ఉంటుంది గానీ, ఆమె ముఖంలోని ఆనందం మాత్రం అబద్ధం కాదు. ఇంకా చూడని చోట్లను కప్పే చీకటి పటమంతా తొలగిపోగానే ఆసక్తి పోయి కొత్త ఆట మొదలుపెట్టే మిత్రుడొకడున్నాడు. ఆట చివర్లో వచ్చే అంతరిక్ష నౌకను అతను ఇంతవరకు చూశాడో లేదో నాకు అనుమానమే. నేను నాలుగైదు నగరాలతో సరిపెట్టుకుని, వాటికి ఇష్టమైన పేర్లు పెట్టుకుని, నది ఒడ్డున అద్భుత కట్టడాలు లేపుతూ, పొరుగువారితో గొడవ పడకుండా కాలం గడిపే రకం. ఇంగ్లీషులో ఇలాంటివాణ్ని బిల్డర్ అంటారు. ఈ నలుగురిలో ఎవరూ ఆటను తప్పుగా ఆడటం లేదని మీరు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

మీ పరంపరలోని తొలి ఆటకు ఈ సంగతి తెలుసు. 1991లో మైక్రోప్రోస్ సంస్థలో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ తయారుచేసిన ఆ ఆటలో గెలవడానికి రెండే దారులుండేవి: ప్రపంచాన్నంతా జయించడం, లేదా ఆల్ఫా సెంటారీ అనే నక్షత్రానికి అంతరిక్ష నౌకను చేర్చడం. దారులు రెండే అయినా స్కోరు లెక్క విశాలంగా ఉండేది. సంతోషంగా ఉన్న ప్రతి పౌరుడికి 2 పాయింట్లు, తృప్తిగా ఉన్నవాడికి 1, అద్భుత కట్టడానికి 20, కాలుష్యం సోకిన ప్రతి గడికి 10 తగ్గింపు. వీటన్నిటితో పాటు, ప్రపంచమంతా శాంతిగా గడిచిన ప్రతి టర్నుకు 3 పాయింట్లు. అంటే యుద్ధం జరగకపోవడాన్ని కూడా ఆ ఆట ఒక సాధనగా లెక్కించి అంకె వేసింది. ముప్ఫై ఏళ్లకు పైగా గడిచాక, ఎన్నో రెట్లు పెద్దదైన ఆటలో ఆ చిన్న వరుస కనిపించదు.

2005లో సోరెన్ జాన్సన్ సారథ్యంలో వచ్చిన నాలుగో ఆటను నాలాంటివారు ఇప్పటికీ తలచుకోవడానికి అందులోని కాటేజీలు ఒక పెద్ద కారణం. కార్మికుడు ఒక టైల్ మీద కాటేజీ వేస్తే, నగరంలోని మనిషి దానిమీద పనిచేస్తూ ఉన్నంతకాలం, సాధారణ వేగంలో 10 టర్నులకు అది చిన్న పల్లెగా, మరో 20కి గ్రామంగా, ఇంకో 40కి పట్టణంగా ఎదిగేది. మొత్తం 70 టర్నుల ఓపికకు ఆట ఇచ్చే ఫలం అది. యుద్ధం వచ్చి శత్రువు దోచుకుంటే పట్టణం మళ్లీ ఒక మెట్టు కిందికి జారిపోయేది, కాబట్టి శాంతిని కాపాడుకోవడానికి నీతితో పని లేకుండా లెక్కల్లోనే కారణం ఉండేది. దండెత్తే ఆటగాడికి అదే ఆటలో అడవులు నరికి సైన్యాన్ని తయారుచేసుకునే దారి ఉంది. నిపుణుల మీద ఆధారపడి గొప్ప వ్యక్తులను పుట్టించుకునే దారి మరొకరికి ఉంది. ఏది మేలన్న విషయం మీద ఆటగాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారంటేనే, ఏదీ పూర్తిగా మేలు కాదని అర్థం. పైగా ఆట మొదలుపెట్టే తెరలోనే ఎప్పుడూ శాంతి, ఎప్పుడూ యుద్ధం, ఒకే నగరంతో సవాలు అన్న ఎంపికలు ఉండేవి. కావలసినవాడు టిక్కు పెట్టుకునేవాడు. అక్కరలేనివాడికి అవి కనిపించినా నష్టం లేదు.

ఆ తరువాత లోలకం ఊగడం మొదలైంది. 2010లో వచ్చిన అయిదో ఆట, ముఖ్యంగా 2013 నాటి బ్రేవ్ న్యూ వరల్డ్ విస్తరణ (ఆటకు తరువాత చేర్చే అదనపు భాగం) తరువాత, చిన్న సామ్రాజ్యానికి పెద్ద పీట వేసింది: ప్రామాణిక పటంలో ప్రతి అదనపు నగరానికి సాంకేతికతల ఖర్చు 5 శాతం పెరిగేది, ట్రెడిషన్ విధానం మొదటి నాలుగు నగరాలకు సంస్కృతి భవనాలను ఉచితంగా ఇచ్చేది. నాకు అది పండగే అయినా నిజం చెప్పాలి, పదిహేను నగరాలు పరచుకుంటూ పోవాలనుకునే ఆటగాడికి ఆ నియమాలు చేసింది అన్యాయమే. 2016లో వచ్చిన ఆరో ఆట దీన్ని తిరగేసింది. జిల్లాలు నగరం లోపల కాక పటం మీద విస్తరించడం అద్భుతమైన ఆలోచన, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. కాని ఒక నగరంలో ఒక రకం జిల్లా సాధారణంగా ఒక్కటే ఉండగలదు గనుక, ఎన్ని నగరాలుంటే అన్ని విద్యాప్రాంగణాలు, అన్ని వాణిజ్య కేంద్రాలు అన్న లెక్క వచ్చి, నాలుగు నగరాలతో ఉండటం తెలిసి తెలిసి నష్టపోవడంగా మారింది. ఒక్కో ఆట ఒక్కో రీతికి రాజ్యాభిషేకం చేస్తూ పోతోంది. మిగతావారు తరువాతి ఆట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆరో ఆటలో ఎనిమిది కష్ట స్థాయిలున్నాయి. ప్రిన్స్ స్థాయిలో ఇరుపక్షాలకూ ఏ అదనపు సాయమూ ఉండదు. అన్నిటికంటే పైనున్న డీటీ స్థాయిలో నేను ఒక సెట్లర్‌తో (కొత్త నగరాన్ని స్థాపించే బృందంతో) మొదలుపెడితే, కంప్యూటర్ నడిపే ప్రతి నాయకుడూ మూడు సెట్లర్లతో, అయిదుగురు యోధులతో మొదలుపెడతాడు. అతని ఉత్పత్తికీ బంగారానికీ 80 శాతం, శాస్త్రానికీ సంస్కృతికీ విశ్వాసానికీ 32 శాతం అదనం. పోరులో ప్రతి సైనిక దళానికీ 4 పాయింట్ల బలం. ఇంత ఇచ్చినా అతని బుర్ర మాత్రం ప్రిన్స్‌లో ఉన్నదే. చదరంగంలో ఎదుటివాడికి రెండు మంత్రులనిచ్చి, అతని ఎత్తుల తెలివిని అలాగే ఉంచి, దానికి కష్టమైన ఆట అని పేరు పెట్టినట్టుంది ఇది.

మందబుద్ధి గల కంప్యూటర్‌కు చేయూత కావాలన్నది నిజమే, అందుకు నేను అభ్యంతరం చెప్పను. ఆ చేయూత ఎవరి మీద ఎలా పడుతుందో చూడమనే అడుగుతున్నాను. అయిదో ఆట నుంచి ఒక టైల్‌లో ఒకే సైనిక దళం ఉండాలన్న నియమం వచ్చింది; ఇరుకు కనుమల్లో, నదుల దగ్గర దళాలను అమర్చుకోవడం ఆటగాడికి సరదా, కంప్యూటర్‌కు నరకం. అందువల్ల దండెత్తేవాడు నలుగురు విలుకాళ్లను కొండ మీద నిలబెట్టి, శత్రువు సైన్యాన్ని ఒక్కొక్కరినీ కరిగించి, చివరికి ఆ అదనపు సెట్లర్లు కట్టిన నగరాలనే పట్టుకుంటాడు. మీరు శత్రువుకిచ్చిన మూడు సెట్లర్లు మా బావమరిదికి కట్నం కిందే లెక్క. శాంతిగా కట్టుకునేవాడి సంగతి వేరు. ప్రపంచంలో ఒక్కటే ఉండే అద్భుత కట్టడం కోసం అతను పోటీపడేది 80 శాతం అదనపు ఉత్పత్తితో. శత్రువు బలహీనతైన యుద్ధరంగంలోకి అతను అడుగే పెట్టడు గనుక, ఎదుర్కొనేదంతా మీరిచ్చిన బలాన్నే. ఒకే స్థాయి పేరు కింద ఇద్దరూ ఆడుతున్నవి రెండు వేర్వేరు ఆటలు. చివరికి నాలాంటివాడు కింది స్థాయికి దిగి ఆడితే, అక్కడ పోటీ అనేదే లేక నడి ఆటకే నిద్ర వస్తుంది. పై స్థాయిలో ఊపిరాడదు, కింది స్థాయిలో పని ఉండదు.

పై స్థాయిలో శాంతియుతంగా గెలిచేవారు లేరా అని మీరడగవచ్చు. ఉన్నారు, వారి ఆటలు చూసి నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. కాని వారిలో చాలామంది గెలిచే తీరు మళ్లీ ఒకే మూసలో పడుతుంది: అడవి కనిపిస్తే నరకడం, మాగ్నస్ అనే గవర్నర్‌ను ఆ నగరంలో కూర్చోబెట్టి నరికిన దానికి 50 శాతం ఎక్కువ రాబట్టడం, ఖాళీ కనిపించిన ప్రతి మూలా ఒక నగరం నాటడం. పటం మీద పచ్చగా ఉన్న చోటును అలాగే ఉంచుకోవాలన్న ఆటగాడి ఇష్టానికి అక్కడ ధర పలకదు.

ఇష్టానికి ధర పలికించడం మీకు చేతకాని పని కాదు. మీరే చేసి చూపించారు, అందుకే ఇంత ఆశతో రాస్తున్నాను. ఆరో ఆటకు 2019లో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణలో కూపే నాయకత్వంలోని మావోరీలు (న్యూజిలాండ్ మూలవాసులు) సముద్రం మీద ఆట మొదలుపెడతారు, నరకని అడవి నుంచే వారికి ఉత్పత్తి పెరుగుతుంది, ప్రకృతి వనరులను కోసి సొమ్ము చేసుకునే హక్కు వారికి అసలే లేదు. ఆ ఒక్క నిబంధనతో అడవిని కాపాడటం త్యాగం కాకుండా వ్యూహమైంది. అదే విస్తరణలో కెనడా మీద ఎవరూ ఆకస్మిక యుద్ధం ప్రకటించలేరు, కెనడా కూడా ప్రకటించలేదు. మాలి ఉత్పత్తిని వదులుకుని బంగారంతో కొనుక్కుంటుంది. అయిదో ఆటలోని వెనిస్ సెట్లర్లను తయారుచేయలేదు, కాని దాని వాణిజ్య మార్గాలు రెట్టింపు. వెనిస్‌తో ఆడిన ఆటలు నాకిప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే అక్కడ నా రీతికి రాయితీ ఇచ్చినట్టు గాక పదును పెట్టినట్టు అనిపించింది. ఒకే చిక్కు ఏమిటంటే, ఇవన్నీ ఆయా దేశాలకే పరిమితం. అడవిని ప్రేమించే ఆటగాడు ప్రతిసారీ మావోరీగానే పుట్టాలా?

2025 ఫిబ్రవరిలో ఏడో ఆట వచ్చింది. ఆటను చివరిదాకా ఆడేవారు తక్కువన్నది దాన్ని మూడు యుగాలుగా విభజించడానికి మీరు చెప్పిన కారణాల్లో ఒకటి, ఆ సమస్య నిజమైనదే. పైన చెప్పిన నా మిత్రుడే దానికి సాక్షి. అయితే విడుదల నాటి రూపంలో ఆ యుగాలు ఆటగాళ్ల రీతులను మునుపటికన్నా గట్టిగా కట్టేశాయి. రెండోదైన అన్వేషణ యుగంలోని నాలుగు వారసత్వ మార్గాలను, అంటే ఆ యుగంలో ఆటగాడు సాధించాల్సిన లక్ష్యాల వరుసలను చూడండి. సైనిక మార్గం దూర దేశాల్లో ఊళ్లు సంపాదించమంటుంది, ఆర్థిక మార్గం దూర దేశాల నుంచి నిధి నౌకలను తెమ్మంటుంది, సాంస్కృతిక మార్గం మత ప్రచారకులను పంపి పవిత్రావశేషాలు పోగేయమంటుంది. సొంత గడ్డ మీద కూర్చుని సాగించగలిగేది శాస్త్ర మార్గం ఒక్కటే. సముద్రం దాటని సామ్రాజ్యాలు ఆ కాలంలో చరిత్రలో లేవా? యూరోపు నావికుల కథను యుగం మొత్తానికి కొలబద్దగా పెట్టడం చరిత్ర దృష్ట్యా ఎంత ఇరుకో, ఆట దృష్ట్యా అంతకన్నా ఇరుకు. పరిమితికి మించి ఊళ్లు పెంచినవారికి సంతోషంలో కోత వేసే నియమం మాత్రం నాకు నచ్చింది. అది విస్తరణను నిషేధించదు, దానికొక వెల చెబుతుంది. విడుదలయ్యాక మీరు కొన్ని పట్లు సడలించారని, గెలిచాక కూడా ఇంకొక్క టర్న్ ఆడుకునే వీలును 2025 ఏప్రిల్‌లో తిరిగి ఇచ్చారని గుర్తుంచుకునే ఈ మాటలంటున్నాను. ఆ వీలు మొదట లేకపోవడమే నాకు వింతగా తోచింది. గెలుపు తెర పడ్డాక కూడా తన నగరాన్ని వదలలేనివాడికే కదా అది కావాలి.

అదే ఆటలో అశోకుణ్ని మీరు రెండు అవతారాల్లో ఇచ్చారు: ప్రపంచ విజేత ఒకరు, ప్రపంచ త్యాగి మరొకరు. మిగులు సంతోషం మొదటివాడికి ఉత్పత్తినిస్తే రెండోవాడికి ఆహారాన్నిస్తుంది. మాకు ఈ అశోకుడు దూరపువాడు కాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర ఆయన శాసనాలు ఇప్పటికీ రాళ్ల మీద ఉన్నాయి. ఆ శాసనాల మనిషి విశేషమేమిటంటే, జయించే రీతిలో మొదలుపెట్టి, కళింగ యుద్ధం తరువాత నడిమధ్యలో రీతి మార్చుకున్నాడు. మీ ఆటలో ఆ మలుపుకు చోటు లేదు: విజేత కావాలో త్యాగి కావాలో ఆట మొదలుకాకముందే ఎంచుకోవాలి, ఆఖరి టర్ను దాకా అదే. విడుదల నాటి రూపంలో, యుగం మారినప్పుడు మౌర్యులు చోళులవుతారు, చోళులు మొఘలులవుతారు, నాయకుడు మాత్రం మారని బొమ్మలా నిలబడి ఉంటాడు. అసలు చరిత్రలో రాజ్యం అదే, మారింది మనిషి. ఆటగాడి రీతి ఆట మధ్యలో మారడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మీ చేతిలోనే ఉండగా, దాన్ని రెండు ముక్కలు చేసి రెండు పెట్టెల్లో పెట్టారని నా ఫిర్యాదు.

గాంధీ విషయంలోనూ కొంచెం ఇలాంటిదే జరిగింది, అయితే అది నవ్వుకోవడానికి. మొదటి ఆటలో లెక్క తప్పడం వల్ల గాంధీ అణుబాంబులు వేసేవాడన్న కథ ప్రపంచమంతా తిరిగింది. అలాంటి పొరపాటేమీ లేదని సిడ్ మైయర్ 2020లో వెలువడిన తన జ్ఞాపకాల్లో తేల్చారు. అయిదో ఆటలో మాత్రం ఆ ఛలోక్తిని కావాలనే చొప్పించారు. శాంతిని నమ్మినవాడు ఆటలో వెటకారంగా మాత్రమే గుర్తుండటం నన్ను పెద్దగా బాధించదు గానీ, శాంతితో ఆడేవాడి మీద ఆటకున్న చూపు ఎలాంటిదో అందులో కొంత తెలుస్తుంది.

నా విన్నపానికి ఎదురుచెప్పే మాటలు నేను విననివి కావు. ఎన్ని రీతులకు చోటిస్తే సమతూకం అంత కష్టమంటారు. బహుళ ఆటగాళ్ల పోటీలకు అది నిజం. కాని ఒంటరిగా కంప్యూటర్‌తో ఆడుకునేవాడికి సమతూకం ఎవరి కోసం? అవకాశమిస్తే ఆటగాళ్లు లాభాల లెక్కలో పడి ఆటలోని సరదానే ఊడ్చేస్తారని సోరెన్ జాన్సనే రాశారు; ఆ మాట సత్యం. అయితే దాని నుంచి అందరినీ ఒకే బాటలో నడిపించాలన్న తీర్మానం రాదు. ఊడ్చేయగలిగిన చోట ఊడ్చే ఆటగాళ్లుంటారు, మా సహోద్యోగినిలా వారికి ఊడ్చడమే సరదా. వారి చీపురు నా ముంగిట్లోకి రాకుండా చూడటమే రూపకర్త పని. కంప్యూటర్‌కు మంచి బుర్ర పెట్టడం ఎంతో కష్టమని కూడా అంటారు, కాదనను. బుర్ర పెంచమని అడగడం లేదు, చేయూతను విడదీయమంటున్నాను.

అంటే ఏం చేయమంటున్నానో స్పష్టంగా చెబుతాను. కష్ట స్థాయిని ఒకే మీటగా ఉంచకుండా, శత్రువు ఆరంభ బలగాన్ని, అతని రాబడిని, అతని యుద్ధబలాన్ని, అతను నామీదకు వచ్చే తెగువను వేర్వేరు మీటలుగా ఇవ్వండి. ఇప్పుడున్న స్థాయిల పేర్లను ఆ మీటల ముందస్తు అమరికలుగా ఉంచితే కొత్తవారికి గందరగోళం ఉండదు. నాలుగో ఆటలోని ఎప్పుడూ శాంతి లాంటి ఎంపికలను తిరిగి తీసుకురండి. యుగాల లక్ష్యాల్లో ప్రతి మార్గానికీ ఇంటిపట్టున ఉండి సాధించగల మరో రూపాన్ని చేర్చండి; నిధి నౌకలు తెచ్చేవాడికి ఎంతో, తన నదీలోయను పొరుగువారంతా వచ్చి కొనుక్కునే సంతగా మార్చినవాడికీ అంతే. మావోరీల అడవి నియమం లాంటివాటిని దేశాల నుంచి విడదీసి, ఏ దేశంతోనైనా ఆటగాడు స్వీకరించగల వ్రతాలుగా పెట్టండి, స్వీకరించినదాన్ని ఆట నడుమ భారీ మూల్యం చెల్లించి మార్చుకోనివ్వండి. అశోకుడి రెండు అవతారాల మధ్య తలుపు తెరవడం దానికి మంచి ఆరంభమవుతుంది.

ఇవన్నీ ఒకేసారి వీలుకాదని తెలుసు. ఒక్కటే చేయగలిగితే మీటలను విడదీయండి. దానికి కొత్త బొమ్మలు, కొత్త సంగీతం, కొత్త దేశాలు అక్కరలేదు. ఆ అంకెలన్నీ ఇప్పటికే మీ ఫైళ్లలో విడివిడిగానే ఉన్నాయి, ఆటను తమకు తోచినట్టు మార్చుకునే మాడర్లు వాటిని ఎప్పటినుంచో దిద్దుకుంటూనే ఉన్నారు. ఆ వీలును మాడ్ల జోలికి పోని మామూలు ఆటగాడి తెర మీదికి కూడా తీసుకురమ్మని కోరుతున్నాను.

గౌరవంతో,
అయిదు నగరాలు దాటని ఒక తెలుగు ఆటగాడు